దేశం – ప్రకృతి సంరక్షణ : మన నిర్వహణను కొలిచే తీరు

2022 జూన్ మాసంలో ఒక వార్త పత్రికలన్నింటిలోను ప్రచురితమైనది. అమెరికాలోని యేల్, కొలంబియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు రెండేండ్లకొకసారి వెలువరించే పర్యావరణ నిర్వహణ సూచికలో 180 దేశాలకు స్థానాలు నిర్ణయించగా, భారతదేశం 180వ స్థానంలో నిలిచినదని ఆ వార్త సారాంశం. ఆ మరునాడు మా తరగతిలో ఈ విషయంపై చర్చ జరిగినది. ఒక విద్యార్థి లేచి, "ఇది మన దేశాన్ని కించపరచుటకు పన్నిన పన్నాగం" అన్నాడు. మరొకడు, "కాదు సార్, మన ఊరి చెరువును చూస్తే ఆ స్థానం న్యాయమే అనిపిస్తుంది" అన్నాడు. ఇద్దరిలో ఎవరికిని ఆ సూచిక ఏమి కొలుస్తుందో తెలియదు. నిజం చెప్పవలెనంటే ఆనాడు నాకును తెలియదు. భాషాసాహిత్యాలు బోధించేవాడనైనను, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. నాటినుండి చదివి తెలుసుకొన్నదానిని విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒత్తిడి వేరు, నిర్వహణ వేరు

మొదట రెండు మాటలను విడదీసి చూడవలసి ఉన్నది. ప్రకృతిపై ఒత్తిడి అనగా జనసంఖ్య, వ్యవసాయం, పరిశ్రమలు, నగరాలు నేలమీద, నీటిమీద, గాలిమీద, అడవిమీద మోపే భారం. నిర్వహణ అనగా ఆ భారాన్ని గుర్తించి, హద్దులు పెట్టి, జరిగిన నష్టాన్ని పూడ్చుకొనే శక్తి. బరువు ఎక్కువైనంత మాత్రాన మోసేవాడు అసమర్థుడని చెప్పలేము. బరువు తేలికైనంత మాత్రాన సమర్థుడనియు చెప్పలేము.

మన దేశంపై ఉన్న బరువు సామాన్యమైనది కాదు. ప్రపంచ భూభాగంలో మన వాటా సుమారు 2.4 శాతం. మంచినీటి వనరులలో మన వాటా సుమారు 4 శాతం. జనాభాలో మాత్రం 17, 18 శాతం మనమే. ఇంత కొద్ది నేలమీద, ఇంత కొద్ది నీటితో ఇంతమందికి తిండి, బట్ట, ఉపాధి చూపవలసిన దేశాన్ని జనసాంద్రత తక్కువగా ఉన్న సంపన్న దేశంతో పోల్చునప్పుడు ఈ భేదం గుర్తుంచుకొనుట న్యాయం. అయితే ఇదే సంగతిని మరొక వైపు నుండియు చూడవచ్చును. వనరు తక్కువైన ఇంటిలో పొదుపు ఎక్కువ కావలెను కదా!

సూచికల బలం, బలహీనత

2022 నాటి సూచికలో 40 అంశాలు కలవు. గాలి, త్రాగునీరు, అడవులు, జీవజాతులు, వ్యర్థాలు, వాతావరణ మార్పు మొదలైన శీర్షికల క్రింద వానిని వర్గీకరించి, ఒక్కొక్క శీర్షికకు ఇంత విలువ అని నిర్ణయించి, మొత్తం నూటికి మార్కులు వేసినారు. డెన్మార్క్‌కు 77.9, మనకు 18.9 వచ్చినవి. మన కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ వెంటనే అభ్యంతరం తెలిపినది. 2050 నాటికి ఏ దేశం ఎంత కర్బన వాయువులను విడుదల చేయునో ఊహించి, ఆ ఊహకు ఎక్కువ విలువ ఇచ్చినారనియు, తలసరి విడుదలకు తగిన విలువ ఇవ్వలేదనియు ఆ శాఖ వాదన.

ఈ వాదనలో బలం లేకపోలేదు. సగటు భారతీయుడు ఏడాదికి విడుదల చేసే బొగ్గుపులుసు వాయువు సుమారు రెండు టన్నులు కాగా, ప్రపంచ సగటు నాలుగున్నర టన్నులకు పైబడినది. అమెరికా పౌరుని వాటా మన వాటాకు అనేక రెట్లు. రెండేండ్ల తరువాత, 2024లో అదే సంస్థలు లెక్కించే పద్ధతిని మార్చి, అంశాలను 58కి పెంచి సూచికను ప్రకటించగా మన స్థానం 176 అయినది. మొదటి స్థానం ఎస్తోనియాకు దక్కినది. కొలమానం మారిన కొలది స్థానం కొంత మారుననుటకు ఇది నిదర్శనం.

కాని విద్యార్థులు ఇక్కడ ఒక మాట గమనించవలెను. కొలమానంలో దోషం ఉన్నదని నిరూపించినంత మాత్రాన మన నది శుభ్రపడదు. ప్రశ్నపత్రం కఠినమని ఫిర్యాదు చేసిన విద్యార్థికి పాఠం వచ్చునా, రాదా అనే ప్రశ్న అట్లే మిగిలియున్నది గదా! కాబట్టి ఇతరులు వేసిన మార్కులను ప్రక్కన పెట్టి, మన దేశం తానే ప్రకటించిన లెక్కలతో, తానే నిర్ణయించుకొన్న లక్ష్యాలతో పరిశీలించుట మేలు.

చట్టాల చరిత్ర

చట్టాల విషయంలో మన దేశం ఆలస్యం చేయలేదు. 1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ మహాసభ జరిగినప్పుడు, ఆతిథ్య దేశ ప్రధానిని మినహాయిస్తే, హాజరై ప్రసంగించిన ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ ఒక్కరే. పేదరిక నిర్మూలనను, ప్రకృతి రక్షణను విడదీయరాదని ఆమె ఆ వేదికపై వాదించినారు. ఆ ఏడాదియే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1974లో జలకాలుష్య నివారణ చట్టం, 1980లో అటవీ సంరక్షణ చట్టం, 1981లో వాయుకాలుష్య నివారణ చట్టం వచ్చినవి. 1976లో చేసిన 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 48ఎ, 51ఎ అధికరణాలు చేరినవి. అడవులను, వన్యప్రాణులను కాపాడుట రాజ్యం కర్తవ్యమని మొదటిది చెప్పగా, ప్రకృతిని రక్షించుట, ప్రాణులపై దయ చూపుట ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రెండవది చెప్పుచున్నది.

1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలులో ఒక కీటకనాశని కర్మాగారం నుండి మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు వెలువడి వేలాదిమంది ప్రాణాలు తీసినది. ఆ ఘోరం తరువాతనే, 1986లో, సమగ్రమైన పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చినది. కొత్త పరిశ్రమ పెట్టుటకు ముందు దానివలన కలుగు ప్రభావాన్ని అంచనా వేయవలెననే నిబంధన 1994లోను, పర్యావరణ వివాదాల కొరకు ప్రత్యేకమైన జాతీయ హరిత న్యాయస్థానం 2010లోను ఏర్పడినవి.

చట్టాలు చాలినన్ని ఉన్నవి. అమలు సంగతి వేరు. భోపాలు కర్మాగారంలో మిగిలిపోయిన విషవ్యర్థాలలో 337 టన్నులను అక్కడి నుండి తరలించి కాల్చివేయుటకు 2025వ సంవత్సరం రావలసివచ్చినది. అనగా నలుబది ఏండ్లు! ఆ నడుమ ఆ పరిసరాలలో పుట్టిన బిడ్డలు తల్లిదండ్రులైనారు. 2020 మే 7న విశాఖపట్టణం వద్ద స్టైరీన్ వాయువు లీకై పన్నెండుగురు మరణించిన ఉదంతం కూడ, తనిఖీ అనునది కాగితంమీద ఉన్నంతగా కర్మాగారంలో లేదని మనకు తెలియజేసినది.

సఫలమైన చోట్లు

అయినను మన ప్రయత్నాలన్నియు వ్యర్థమైనవని చెప్పుట అసత్యం. మూడు ఉదాహరణలు చాలును.

పెద్దపులి సంగతి మొదటిది. 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అభయారణ్యాలతో పులుల సంరక్షణ పథకం ప్రారంభమైనది. నడుమ వేటగాండ్ర వలన తీవ్రమైన నష్టం జరిగినది. 2006లో పులుల సంఖ్య 1,411 మాత్రమే అని లెక్క తేలినది. రాజస్థాన్‌లోని సరిస్కాలో అంతకుముందే ఒక్క పులియు మిగలలేదు. ఆ అవమానం నుండి పాఠం నేర్చి, లెక్కించు పద్ధతిని, కాపలాను, అధికార యంత్రాంగాన్ని మార్చినారు. 2022 అంచనా ప్రకారం వాని సగటు సంఖ్య 3,682. ప్రపంచంలోని అడవి పులులలో అధికభాగం నేడు మన దేశంలోనే ఉన్నవి.

రెండవది కేరళలోని సైలెంట్ వ్యాలీ. కుంతిపుళ నదిపై జలవిద్యుత్ ఆనకట్ట కట్టినచో అపూర్వమైన వర్షారణ్యం మునిగిపోవునని ఉపాధ్యాయులు, రచయితలు, కేరళ శాస్త్రసాహిత్య పరిషత్తు, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ వంటి పెద్దలు ఏళ్ళ తరబడి వాదించినారు. చివరకు ఆ పథకం విరమింపబడి, 1984లో ఆ అడవి జాతీయ ఉద్యానంగా ప్రకటింపబడినది. కవులు, బడిపంతుళ్ళు కూడ ఒక ఆనకట్టను ఆపగలరని ఈ ఉదంతం వలన తెలియుచున్నది.

మూడవది ఢిల్లీ బస్సుల కథ. 1998లో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన ఆదేశం వలన 2002 చివరినాటికి ఆ నగరంలోని బస్సులన్నియు డీజిలు విడిచి సహజవాయువుతో నడువసాగినవి. ఆ నగరపు గాలి మరల చెడిపోయిన మాట నిజమే. కాని గడువు, బాధ్యుడు, శిక్ష అనే మూడును స్పష్టంగా ఉన్నప్పుడు మన యంత్రాంగం పని చేయగలదని ఆ నాలుగేండ్లు నిరూపించినవి.

విఫలమైన చోట్లు

ఇక రెండవ వైపు చూతము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెల్లడించిన లెక్క ప్రకారం మన పట్టణాలు రోజుకు 7,236.8 కోట్ల లీటర్ల మురుగునీరు విడుచుచున్నవి. శుద్ధి చేయుటకు నెలకొల్పిన యంత్రాల శక్తి 3,184.1 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అయినది 2,023.6 కోట్ల లీటర్లు. నూరు బిందెల మురుగులో ఇరువదెనిమిది బిందెలు మాత్రమే శుభ్రపడి, తక్కిన డెబ్బదిరెండు బిందెలు నేరుగా నదులలో, చెరువులలో కలియుచున్నవన్నమాట. ఇంకొక విశేషం గమనించండి. ఉన్న యంత్రాలు కూడ పూర్తిగా పని చేయుటలేదు. కట్టుటకు నిధులు దొరకును, నడుపుటకు దొరకవు. శంకుస్థాపనకు పెద్దలు వత్తురు గాని, పదేండ్ల తరువాత మోటారు కాలిపోయినప్పుడు వచ్చువారుండరు.

భూగర్భ జలాల సంగతి ఇంతకంటె క్లిష్టమైనది. ప్రపంచంలో అందరికంటె ఎక్కువగా భూగర్భ జలాన్ని తోడుకొనే దేశం మనదే. 2023 అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 241 ఘన కిలోమీటర్లు. దేశాన్ని 6,553 విభాగాలుగా చేసి పరిశీలించగా, వానిలో 736 విభాగాలలో ఏటా ఇంకే నీటికంటె తోడే నీరు ఎక్కువగా ఉన్నది. దీనికి రైతును నిందించి లాభం లేదు. భూమి ఎవరిదో దాని అడుగున ఉన్న నీరు వారిదే అనే భావన 1882 నాటి చట్టకాలం నుండి వచ్చుచున్నది. కాలువ రాని మెట్టప్రాంతంలో బోరుబావి తప్ప గతిలేదు. ప్రక్క పొలంవాడు రెండు వందల అడుగులు దింపితే, తాను మూడు వందలు దింపక తప్పదు. అందరును తోడుకొనే సొత్తుకు కాపలాదారు ఎవరును లేరు. సమష్టి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఒక చట్టం చేసినారు గాని, బోరు లారీ ఊరిలోనికి వచ్చిన రాత్రి ఆ చట్టాన్ని తలచువారు అరుదు.

గాలి మాట చెప్పవలెనంటే, 2.5 మైక్రాన్ల సూక్ష్మధూళికి ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో పెట్టిన వార్షిక హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. మన దేశం 2009లో పెట్టుకొన్న హద్దు 40. మన ఉత్తర భారత నగరాలలో అనేకం ఈ రెండవ హద్దునైనను అందుకొనలేకున్నవి.

అడవుల లెక్కలో మరొక పాఠం ఉన్నది. 1988 జాతీయ అటవీ విధానం దేశంలో మూడవ వంతు అడవులు, చెట్లు ఉండవలెనని చెప్పినది. 2023 నివేదిక ప్రకారం అడవులు, చెట్లు కలిపి 25.17 శాతం. ఇందులో అడవి అన్నది 21.76 శాతం. అయితే ఒక హెక్టారు నేలలో పది శాతానికి మించి చెట్టునీడ ఉన్నచో, అది మామిడితోటయైనను, జామాయిలు తోటయైనను ఈ లెక్కలో అడవిగానే చేరును. తోటలు వద్దని నా భావం కాదు. నూరేండ్ల అడవిని కొట్టి, పదేండ్ల తోటను పెంచి, రెండును సమానమని లెక్క వ్రాసుకొన్నచో, మోసపోవునది మనమే.

ఈ రెండు జాబితాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సత్యం గోచరిస్తున్నది. హద్దు గీసి కాపలా పెట్టదగిన వానిని మనం కొంతవరకు కాపాడుకొనగలిగితిమి. పులి, ఒక లోయ, ఒక నగరపు బస్సులు అట్టివి. పారేవి, వ్యాపించేవి, నేలలో ఇంకేవి, అనగా మురుగు, గాలి, భూగర్భజలం మన చేతికి చిక్కలేదు. వానికి కంచె వేయలేము. అక్కడ పురపాలక సంఘం, పరిశ్రమ, రైతు, గృహస్థుడు, నియంత్రణ మండలి అందరును ప్రతిదినం కొద్దికొద్దిగా తమ పని చేయవలెను. ఆ దైనందిన బాధ్యతయే మనకు కొరవడినది.

ఒక చిన్న దేశం అనుభవం

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశం పశువుల మేతబీళ్ళ కొరకు అడవులను నరికి, 1980 దశకం నాటికి భూభాగంలో సుమారు నాలుగవ వంతుకు అడవిని తగ్గించుకొన్నది. 1996లో వారొక చట్టం చేసినారు. అడవిని మార్చి వేరుగా వాడుకొనుటను నిషేధించి, ఇంధనంపై వేసిన పన్ను నుండి కొంత సొమ్మును అడవిని నిలుపుకొన్న రైతుకు చెల్లించసాగినారు. నీటిని నిలిపినందుకు, నేలను కాపాడినందుకు కూలి అన్నమాట. నేడు అక్కడ సగానికి పైగా నేల అడవితో నిండియున్నది. యాభై లక్షల జనాభా గల దేశాన్ని మనతో యథాతథంగా పోల్చరాదు. కాని ప్రకృతిని కాపాడువానికి నష్టం రాకుండ చూడవలెననే సూత్రం ఏ దేశానికైనను వర్తించును.

మన చెంతనున్న ఉదాహరణ

ఇంత దూరం పోనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసినది. వేలాది ప్రజలు మరణించినారు. ఆనాటి ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా కోరినది. దాని ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మాణాలు పూర్తియైనవి. వరదను ఆపుట, నగరానికి త్రాగునీరు ఇచ్చుట అనే రెండు ప్రయోజనాలు ఒకే ప్రయత్నంతో నెరవేరినవి. 1996లో ప్రభుత్వం 111వ ఉత్తర్వు ద్వారా ఈ జంట జలాశయాల చుట్టు పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిషేధించినది. వాని రక్షణ విషయమై 1999లో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు, కీడు నిరూపితమయ్యేదాక ఆగక ముందే జాగ్రత్త పడవలెననే సూత్రానికి దేశమంతట ప్రమాణమైనది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరొక ఉత్తర్వు వెలువడినది. దానిపై వివాదం న్యాయస్థానం మెట్లెక్కినది. నీరు వేరే నదుల నుండి వచ్చుచున్నది కాబట్టి ఈ జలాశయాల అవసరం తగ్గినదని ఒక వాదం. వరద ముప్పు తగ్గలేదు గదా అని ప్రతివాదం. ఈ రెండవ వాదమే నాకు సమంజసంగా తోచుచున్నది. 1908 నాటి మూసీయే నేటికిని మూసీ.

భాషోపాధ్యాయునిగా ఒక మాట చెప్పక ఉండలేను. మన గ్రామాలలో చెరువు నీరు నిలిచే లోపలి భూమిని 'శికం' అంటారు. దస్తావేజులలో 'శికం భూమి' అనే మాట మీలో చాలమంది చూచియుందురు. ఉర్దూ చదివిన విద్యార్థులకు దీని అర్థం విడమరచనక్కరలేదు. పారశీకం నుండి వచ్చిన ఆ మాటకు 'కడుపు' అని అర్థం. చెరువుకు కడుపు ఉన్నదని, దానిని ఆక్రమించరాదని రెవెన్యూ భాషయే మనకు చెప్పినది. తెలుగులో 'కట్ట', 'తూము', 'అలుగు' అనే మాటలున్నవి. ఏ పొలానికి ఎంత నీరు వదలవలెనో చూచుటకు 'నీరటి' అనే గ్రామసేవకుడు ఉండెడివాడు. నేను పైన చెప్పిన దైనందిన బాధ్యత ఆ ఒక్క మాటలో ఇమిడియున్నది. 2015 నుండి మిషన్ కాకతీయ పేర తెలంగాణలో వేలాది చెరువుల పూడిక తీయించినారు. ఆ పని ప్రశంసనీయమైనది. కాని పూడిక తీసిన చెరువుకు మరల నీరటి ఏడీ? శికం మీద ఇల్లు కట్టినవానిని అడుగువాడు ఏడీ?

ఉపసంహారం

కాబట్టి తరగతిలో లేచిన ఆ ఇద్దరు విద్యార్థులకు నేను ఇప్పుడు ఇచ్చే సమాధానం ఇది. మన దేశం చట్టం చేయుటలో వెనుకబడలేదు. పట్టుబట్టినచోట విజయం సాధించినది. నిత్యం చేయవలసిన పనిలో మాత్రం ఘోరంగా వెనుకబడియున్నది. 180వ స్థానమా, 176వ స్థానమా అనునది పండితుల వివాదం. నూరు బిందెలలో డెబ్బదిరెండు బిందెల మురుగు నదిలో కలియుట మన లెక్కయే, మన దోషమే. ఆ దోషఫలం అందరికిని సమంగా పంచబడుటలేదనియు మరువరాదు. నాలా ప్రక్కన గుడిసె వేసికొన్నవాడు, బోరు ఎండిన చిన్న రైతు దానిని ముందుగా అనుభవించుచున్నారు. మన విద్యార్థులలో చాలమంది అట్టి ఇండ్లనుండి వచ్చినవారే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన ఆవరణలోనే ఈ పాఠం మొదలు పెట్టవచ్చును. కప్పుమీద పడిన వాననీరు నేలలో ఇంకుటకు ఒక గుంత, ప్రతి నెల మొదటి తేదీన బోరులోని నీటిమట్టం కొలిచి వ్రాయుటకు ఒక రిజిస్టరు ఏర్పాటు చేయించవలెనని కోరుచున్నాను. వ్యయం స్వల్పం. కొలుచు పని విద్యార్థులకే అప్పగించండి. విజ్ఞానశాస్త్ర విద్యార్థి కొలువగా, వాణిజ్యశాస్త్ర విద్యార్థి లెక్క వేయగా, మా తెలుగు, ఉర్దూ విద్యార్థులు దానిని నలుగురికి అర్థమయ్యే భాషలో గోడపత్రికపై వ్రాయగలరు. వచ్చే ఏటి సంచికలో ఆ పన్నెండు నెలల లెక్క ప్రచురించగలిగితే, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.

ప్రియ విద్యార్థులారా! దేశం ఎంత చక్కగా నిర్వహించుచున్నదని అడుగుట మీ హక్కు. ఆ ప్రశ్న అడుగునప్పుడు చేతిలో ఒక నమ్మదగిన లెక్క ఉంచుకొనుట మీ బాధ్యత.